ఆగడానికీ ఖరీదుంది

కొత్త కారు ఎంత పడిందని అడిగితే చాలామంది సంబరంగా చెబుతారు. అదే కారుకి బ్రేకులు మార్పిస్తే ఎంతైందని అడిగితే మాత్రం ముఖం కాస్త చిన్నబోతుంది. తోలు సీట్లకి, మెరిసే చక్రాలకి పెట్టిన డబ్బు మీద లేని దిగులు, ఎవరి కంటికీ కనిపించని బ్రేకుల మీద ఎందుకో ఉంటుంది.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ గ్యారేజీల్లో ఈ దిగులు కొత్తేమీ కాదు. 1997లో మొదలైన ఈ పారిశ్రామికవాడ జెబెల్ అలీకి దగ్గరలో దాదాపు 2,300 హెక్టార్ల మేర, అంటే మన లెక్కలో 5,700 ఎకరాల దాకా పరుచుకుని ఉంది. ఫ్యాక్టరీలు, గోదాములు, కార్మికుల క్యాంపులు, వాటి మధ్య కార్ల వర్క్‌షాపులు. మన ఊళ్లో ఏడాదికి ఒకటి కనిపించినా జనం ఆగి చూసే బండ్లు ఇక్కడ వరసగా లిఫ్టుల మీద ఉంటాయి.

ఖరీదైన బండికి బ్రేకు మార్చడమంటే ఒక్క ముక్కతో అయ్యే పని కాదు. ప్యాడ్లు మారిస్తే అరుగుదల చెప్పే సెన్సర్లూ మార్చాలి. ఎంత పలచబడేదాకా వాడొచ్చో డిస్క్ మీదే కొలత చెక్కి ఉంటుంది. అది దాటితే డిస్క్ కూడా కొత్తది వేయాల్సిందే. ఒక పక్క చక్రానికి మార్చి రెండోదాన్ని వదిలేయడానికి లేదు. జతగానే మార్చాలి. అలా ఒకదాని వెంట ఒకటి చేరి బిల్లు బరువెక్కుతుంది.

కార్బన్ సెరామిక్ డిస్కులైతే ఇక చెప్పక్కర్లేదు. 2001లో పోర్షే కంపెనీ తన 911 జీటీ2 కారుకి వీటిని బిగించి ఇచ్చింది. కార్బన్ పోగుల్ని అచ్చులో పోసి, కాల్చి, 1,700 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్ పట్టిస్తారు. ఇనుప డిస్కు బరువులో సగమే ఉంటాయి. ఇనుప డిస్కుల కన్నా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కొన్ని మోడళ్లలో కొత్త బండితోపాటు ఇవి కావాలంటే అమెరికా ధరల్లో 9 వేల డాలర్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి అదనం. 9 వేల డాలర్లంటే దాదాపు 33 వేల దిర్హమ్‌లు. నెలకి 1,200 దిర్హమ్‌లు సంపాదించే మనిషికి అది రెండేళ్ల జీతం కన్నా ఎక్కువ.

అసూయతో వేసిన లెక్క కాదిది. ఆ డబ్బు దేనికి పోతుందో తెలిస్తే అంత ఖరీదు ఎందుకో అర్థమవుతుంది. రెండున్నర టన్నుల బండి గంటకి 120 కిలోమీటర్ల వేగంతో వెళుతూ పూర్తిగా ఆగాలంటే, ఆ పరుగంతా వేడిగా మారాలి. దాదాపు నాలుగున్నర లీటర్ల నీళ్లు మరగకాచేంత వేడి అది. కొద్ది క్షణాల్లో ఆ భారమంతా ప్రధానంగా ఆ నాలుగు డిస్కులే మోస్తాయి. పైగా వేగం రెండింతలైతే ఆపడానికి కావలసిన శ్రమ రెండింతలతో సరిపోదు, నాలుగింతలవుతుంది. పరుగు పెంచుకున్నకొద్దీ ఆగడం ప్రియమవుతుంది.

ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు బండ్ల కన్నా మనుషులే ఎక్కువ గుర్తొస్తారు.

గల్ఫ్‌కి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి, కోనసీమ, కడప నుంచి వచ్చిన మనవాళ్లెందరో రెండేళ్లని చెప్పి ఇల్లు కదిలినవాళ్లే. వీసా అప్పు తీరాక చెల్లెలి పెళ్లి, పెళ్లయ్యాక ఇల్లు, ఇల్లయ్యాక పిల్లల చదువు. ఒక పని ఇంకో పనిని వెంటబెట్టుకునే వస్తుంది. పరుగు ఎక్కడ పెరిగిందో ఎవరికీ తెలియదు.

అలాంటి మనిషికి ఓ నెల ఊరెళ్లి రావడమంటే మామూలు ఖర్చు కాదు. టికెట్ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. ఉత్త చేతులతో వెళ్లలేడు. పిల్లలకి చాక్లెట్లు, అమ్మకి దుప్పటి, ఇరుగుపొరుగుకి ఖర్జూరాలు, సెంటుసీసాలు. పండక్కి చుట్టాలొస్తారు. ఓవర్‌టైమ్ డబ్బులు ఆ నెల రావు. అందుకే దసరాకి అనుకున్న ప్రయాణం సంక్రాంతికి, అక్కణ్నుంచి ఎండాకాలం సెలవులకి జరుగుతుంది. ఫోన్‌లో రోజూ చూస్తున్న పిల్ల ఎదురుగా నిలబడితే ఎంత పొడుగుందో తండ్రికి తెలియదు.

బండిగల ఆసామీ సంగతీ అంతే. వ్యాపారం పెరిగింది, సైట్లు పెరిగాయి. ఇంట్లో అందరితో కూర్చుని భోంచేయడానికే తీరిక లేదు. బండి కింద పడుకుని నట్లు విప్పేవాడూ, గాజు గదిలో టీ తాగుతూ బిల్లు కోసం చూసేవాడూ ఈ ఒక్క విషయంలో చుట్టాలే.

మెకానిక్కులకి బాగా తెలిసిన సత్యం ఒకటుంది. ప్యాడ్ అరగడానికే పుట్టింది. తాను అరిగి డిస్కుని కాపాడుతుంది. దాన్ని వేళకి మార్చకపోతే లోపలి ఇనుప రేకు వెళ్లి డిస్కుని గీరేస్తుంది. మామూలు ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చయి కూర్చుంటుంది. వాయిదా వేసిన సెలవు కూడా అలాగే మనిషి లోపల ఎక్కడో గీరుతూ ఉంటుందని నాకనిపిస్తుంది. నడుంనొప్పిగానో, నిద్రపట్టని రాత్రులుగానో, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటలు దొరక్కపోవడంగానో అది బయటపడుతుంది.

ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు మండుటెండలో ఆరుబయట పనులు ఆపేస్తారు. ఆ రెండున్నర గంటల్లో భవనం ఒక్క ఇటుక ఎత్తు కూడా లేవదు. అయినా ఆ సమయం వృథా అయిందని నాకెప్పుడూ అనిపించలేదు. నీడన కాస్త కునుకు తీసిన మనిషి సాయంత్రానికి మళ్లీ మనిషిలా ఉంటాడు.

అందుకే బ్రేకుల బిల్లు చూసి ఉసూరుమనే మిత్రులకి చెప్పాలనిపిస్తుంది, అది పోయిన డబ్బు కాదని. వేగానికి మనం ముందే ఒప్పుకున్న ధరలో అదీ ఒక భాగం. ఊరెళ్లే ఖర్చు కూడా అలాంటిదే. సంపాదనలోంచి తరిగిపోయింది కాదు, ఆ సంపాదన ఎవరి కోసమో వాళ్ల చేతికి చేరింది. ఈ ఏడు కూడా టికెట్ వాయిదా వేద్దామా అని లెక్కలు వేసుకుంటున్నవాళ్లు, ఈ ఒక్కసారికి లెక్కలు పక్కనపెట్టి వెళ్లొస్తే ఎంత బాగుండును.