తెల్లని ఆకాశం, నిర్జనమైన నేల

వేసవి సెలవులలో యోసమిటీ, ఎల్లోస్టోన్ వంటి జాతీయోద్యానాలను దర్శించి వచ్చే తెలుగు కుటుంబాలు అక్కడి మ్యూజియంలలోనో, పుస్తకాల దుకాణాలలోనో గోధుమవన్నె తిరిగిన పాత ఛాయాచిత్రాలను చూసే ఉంటాయి. నిలువెత్తు శిలలు, పాలధారల వంటి జలపాతాలు, పైన మబ్బుతునకైనా లేని తెల్లని ఆకాశం, క్రింద మనిషి జాడ లేని లోయ. వాటి ముందు నిలబడిన పిల్లలు తరచుగా ఒక ప్రశ్న వేస్తారు: "ఆ రోజుల్లో ఇక్కడ ఎవరూ ఉండేవారు కాదా?" పెద్దలు "అడవి కదమ్మా, ఎవరుంటారు?" అని ముందుకు నడుస్తారు.

ఆ సమాధానం తప్పు. అయితే ఆ తప్పుకు పెద్దలను నిందించి ప్రయోజనం లేదు. చిత్రమే వారి చేత అలా పలికిస్తుంది. ఆ చిత్రాలలో రెండు శూన్యాలున్నాయి. ఆకాశం శూన్యం కావడానికి కారణం రసాయనశాస్త్రం. నేల శూన్యం కావడానికి కారణం వేరు. కళావిమర్శకులు చాలాకాలంగా రెండింటినీ కలిపి "సరిహద్దు భూముల మహా ఏకాంతం" అని వర్ణిస్తూ వచ్చారు. ఈ రెండింటినీ విడదీయవలసిన అవసరం ఉంది.

మొదట రసాయనశాస్త్రం సంగతి. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతే ఈ చిత్రాలన్నింటికీ ఆధారం. దూదిపై నత్రికామ్ల, గంధకామ్లాల మిశ్రమం చర్య జరిపితే నైట్రోసెల్యులోజ్ లభిస్తుంది; తుపాకిమందుకు బదులుగా వాడిన పదార్థానికి ఇది దగ్గరి చుట్టం. దీనిని ఈథర్, ఆల్కహాల్ కలిపిన ద్రవంలో కరిగిస్తే జిగురుగా ఉండే కొలోడియన్ తయారవుతుంది. అందులో అయొడైడ్, బ్రోమైడ్ లవణాలు కలిపి, శుభ్రపరచిన గాజు పలకపై పోసి, నాలుగు మూలలకూ సమంగా పారేటట్లు పలకను వంచి, మిగిలినదానిని తిరిగి సీసాలోకి ఒంపాలి. పెనంమీద అట్టు పోసే చేతికి ఉండవలసిన ఒడుపే ఇక్కడా కావాలి. ఎక్కడ మందమైతే అక్కడ మచ్చ. తరువాత చీకటి గుడారంలో ఆ పలకను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కొన్ని నిమిషాలు ముంచితే, పొరలోనే కాంతికి స్పందించే సిల్వర్ అయొడైడ్, సిల్వర్ బ్రోమైడ్ ఏర్పడతాయి. ఆ తడి ఆరకముందే పలకను కెమెరాలో అమర్చి కాంతికి చూపి, మళ్ళీ గుడారంలోకి తెచ్చి, ఫెర్రస్ సల్ఫేట్‌తో బింబాన్ని రప్పించి, హైపోతోగాని పొటాషియం సయనైడ్‌తోగాని స్థిరపరచాలి. మొదటినుంచి చివరివరకు దాదాపు పావుగంటలో ముగియవలసిన పని. ఎండాగాలీ ఎక్కువైతే అంత వ్యవధి కూడా దొరకదు.

అందువల్ల ప్రయోగశాల యావత్తూ కొండ ఎక్కవలసి వచ్చింది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ యోసమిటీ లోయకు 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవుగల గాజు పలకలను పట్టే కెమెరాతో వెళ్ళాడు. పెద్దది చేసి ముద్రించే సౌకర్యం ఆనాడు అందుబాటులో లేదు; ఎంత చిత్రం కావాలంటే అంత గాజు మోయవలసిందే. గాజు, సీసాలు, గుడారం, నీరు, ప్రమాదకరమైన ఈథర్, ప్రాణాంతకమైన సయనైడ్, అన్నీ కంచరగాడిదల వీపులమీదనే ప్రయాణించాయి. 1871లో ఎల్లోస్టోన్ సర్వేలో పాల్గొన్న విలియం హెన్రీ జాక్సన్ తన సామాను మోసే కంచరగాడిదకు "హైపో" అని పేరు పెట్టుకున్నాడు. రసాయనశాస్త్రం చదివినవారికి ఈ ఒక్క పేరుతో ఆ మనిషి ఆత్మీయుడవుతాడు.

ఇక ఆకాశం. సిల్వర్ అయొడైడ్‌కు అతినీలలోహిత, ఊదా, నీలి కిరణాలు తప్ప మరేవీ పట్టవు. బ్రోమైడ్ చేర్చినా ఆ శక్తి ఆకుపచ్చ అంచు దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు, పసుపు, చాలావరకు ఆకుపచ్చ దానికి చీకటితో సమానం. ఎర్రని రాతిగోడ, పచ్చని దేవదారు వివరంగా పడేంతసేపు పలకను కాంతికి చూపితే, ఈలోగా నీలాకాశం పలకను ముంచెత్తి నెగటివ్‌లో నల్లగా గడ్డకడుతుంది; ముద్రణలో అది తెల్లకాగితం అవుతుంది. మబ్బు తెలుపు, ఆకాశపు నీలం రెండూ పలకకు ఒకటే. ఈ లోపాన్ని సహించలేక ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ ఆకాశానికి మాత్రమే అడ్డుపెట్టే సాధనం తయారు చేశాడు. కొన్ని చిత్రాలకు వేరే నెగటివ్ నుంచి మబ్బులు తెచ్చి అతికించాడు కూడా. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ కొన్ని రంజకద్రవ్యాలు కలిపితే వెండి లవణాలకు ఆకుపచ్చను కూడా చూసే శక్తి వస్తుందని కనుగొన్నాడు. అది వాడుకలోకి వచ్చేసరికి సరిహద్దు సర్వేల కాలం దాదాపు గడిచిపోయింది. కాబట్టి ఆ తెల్లని ఆకాశంలో తాత్త్వికత వెదకనవసరం లేదు.

నేల విషయంలో కూడా ఇదే రకమైన వాదన ఒకటి వినిపిస్తుంది. పలక సెకన్లతరబడి, ఒక్కొక్కసారి నిమిషాలతరబడి తెరిచి ఉండేది కనుక కదిలే మనుషులు అందులో పడలేదని. జలపాతం పాలధారగా మారడానికి ఇది సరైన కారణమే. మనుషులు లేకపోవడానికి మాత్రం ఇది చాలదు. కదలకుండా నిలబడిన మనిషి ఆ పలకలమీద చక్కగా పడతాడు. తిమోతీ ఓసులివన్ కొండ పరిమాణం తెలియడానికి సర్వే సభ్యులను రాళ్ళమీద నిలబెట్టి తీసిన చిత్రాలు అనేకం ఉన్నాయి. కొలబద్దగా మనిషి పనికివచ్చాడు. ఆ నేలమీద బ్రతికే మనిషికి మాత్రం ఆ చట్రంలో చోటు దొరకలేదు.

యోసమిటీ చరిత్రే చూడవచ్చు. వాట్కిన్స్ రాకకు సరిగ్గా పదేళ్ళ క్రితం, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధదళం ఆ లోయలో ప్రవేశించి అహ్వానీచీ ఆదివాసుల గ్రామాలను, ధాన్యంలా దాచుకున్న ఓక్ గింజల నిల్వలను తగులబెట్టింది. తరిమివేయబడినవారిలో కొందరు తిరిగివచ్చారు. వారి సంతతి ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఆ లోయలో నివసించింది. వాట్కిన్స్ చిత్రాలలో చెట్ల మధ్య విశాలంగా పరచుకున్న పచ్చికబయళ్ళున్నాయి. అవి తమంతట తాము ఏర్పడినవి కావు. ఓక్ చెట్లకు పైరుపొలంలా చోటు మిగలాలని ఆ ప్రజలు తరతరాలుగా పొదలను, ఎండుగడ్డిని అదుపులో కాల్చుతూ కాపాడుకున్న బయళ్ళు అవి. ఆ కాల్పులు ఆగిపోయాక దేవదారు జాతి చెట్లు బయళ్ళలోకి చొచ్చుకువచ్చాయి. అంటే మనిషి లేడని చూపే చిత్రంలోనే మనిషి చేసిన సేద్యం కనిపిస్తున్నది. చూసేవారికి అది ప్రకృతిగా తోస్తున్నది.

ఇది కేవలం అందానికి సంబంధించిన తగాదా అయితే ఇంత చెప్పవలసిన పని లేదు. ఈ చిత్రాలు చట్టసభల దాకా వెళ్ళాయి. వాట్కిన్స్ చిత్రాలు 1862లో న్యూయార్కులో ప్రదర్శింపబడ్డాయి. 1864 జూన్ 30న లింకన్ యోసమిటీని కాలిఫోర్నియా రాష్ట్రం సంరక్షణలో ఉంచే చట్టంపై సంతకం చేశాడు. జాక్సన్ ఎల్లోస్టోన్ చిత్రాలను కాంగ్రెస్ సభ్యులకు చూపారు. 1872 మార్చి 1న మొదటి జాతీయోద్యానం ఏర్పడింది. గనులవారి చేతినుంచి, కలపవర్తకుల చేతినుంచి ఆ అద్భుతాలను ఈ చట్టాలు రక్షించాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు. ప్రతి వేసవీ అక్కడ గుడారం వేసుకునేవారు అసలే కాదనలేరు. కాని అదే 1872 చట్టం ఆ హద్దులలో నివాసముండే ఎవరినైనా అక్రమప్రవేశకులుగా పరిగణించి తొలగించాలని కూడా చెప్పింది. అక్కడ షోషోనీ జాతికి చెందిన కుటుంబాలు తరాలుగా కొండగొర్రెలను వేటాడుకుంటూ బ్రతుకుతున్నాయి.

ఛాయాగ్రాహకులు ఆదివాసులను అసలు చూడలేదని చెబితే అది కూడా అన్యాయమే. ఓసులివన్ 1873లో మగ్గం ముందు కూర్చున్న నవాహో కుటుంబాన్ని చిత్రించాడు. జాక్సన్ ఆదివాసుల చిత్రాలకు 1877లో ఒక పెద్ద జాబితాయే ప్రచురించాడు. కాని కొండలు ఒక ఆల్బంలోకి, మనుషులు మరొక ఆల్బంలోకి వెళ్ళారు. మొదటిది దేశపు సంపద అనిపించుకున్నది, రెండవది మానవజాతిశాస్త్రం అనిపించుకున్నది.

వలస వచ్చినవారికి ఈ విభజన కొత్తగా తోచకూడదు. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర తూర్పు, పడమర రైలుమార్గాలు కలిసినప్పుడు ఆండ్రూ రసెల్ తీసిన ప్రసిద్ధచిత్రం ప్రతి పాఠ్యపుస్తకంలోను ఉంటుంది. సియెర్రా కొండలను తొలిచి ఆ మార్గాన్ని వేసిన వేలాది చైనా కార్మికులు ఆ గుంపులో దాదాపు కనిపించరు. వారు పట్టా పరుస్తుండగా రసెల్ తీసిన మరొక చిత్రం ఉన్నది. అది పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

కాబట్టి ఈ పాత చిత్రాల ప్రక్కన చిత్రకారుని పేరు, సంవత్సరం, కొండ పేరు మాత్రమే వ్రాస్తే చాలదు. ఆ సంవత్సరంలో అక్కడ ఎవరు నివసిస్తున్నారు, పదేళ్ళ ముందు ఎవరు నివసించారు అన్నది కూడా వ్రాయాలి. ఉద్యానాల ప్రదర్శనశాలలు కొన్ని ఇప్పటికే ఈ పని చేస్తున్నాయి. కాలెండర్లు, పుస్తకాలు, పాఠశాలలు ఇంకా వెనుకబడి ఉన్నాయి. పాఠశాలకు ఉత్తరం వ్రాయడం తెలుగు తల్లిదండ్రులకు చేతకాని పని కాదు. గణితం మార్కుల విషయంలో వారు తరచుగా వ్రాస్తూనే ఉన్నారు.

ఈ కోరికలో వాట్కిన్స్‌ను చిన్నబుచ్చే ఉద్దేశం ఏమీ లేదు. అప్పుల వల్ల ఆయన తన నెగటివ్‌లను 1870లలోనే పోగొట్టుకున్నాడు. మళ్ళీ తీసి కూర్చుకున్నవి 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తరువాతి అగ్నిలో కాలిపోయాయి. అప్పటికే దాదాపు అంధుడైన ఆయన 1916లో నాపాలోని ఒక మానసిక వైద్యాలయంలో మరణించాడు.

ఓసులివన్ 1867లో నెవాడాలోని కార్సన్ ఎడారి ఇసుకతిన్నెలపై ఒక చిత్రం తీశాడు. ఎప్పటివలెనే ఆకాశం తెల్లగా ఉంటుంది. ఇసుక మధ్య నాలుగు కంచరగాడిదలు పూన్చిన బండి ఒకటి ఉంటుంది. ఆ బండే ఆయన చీకటిగది. బండి దగ్గరనుంచి కెమెరా ఉన్న వైపుకు ఇసుకలో అడుగుజాడలు వస్తాయి. తడి పలకను పట్టుకుని ఆ దారిన నడిచివచ్చిన మనిషి వాటిని చెరపకుండా అలాగే ఉంచాడు.