ఈ మెలకువకు భత్యం లేదు

నడిరాత్రి మెలకువ ఎందుకొస్తుందంటే డాక్టర్లు వయసు, ఆందోళన, ముట్లుడగడం అంటారు. పూర్వం యూరప్‌లో జనం రాత్రి రెండు విడతలుగా నిద్రపోయేవారని చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ 2005లో పుస్తకమే రాశాడు. కావచ్చు. నా అభ్యంతరమల్లా మెలకువ దానంతటదే వస్తుందనుకోవడం మీదే. లేపేవాళ్లుంటారు.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒకప్పుడు కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. డ్యూటీ డ్రైవరుది, ముందు లేచేది భార్య. స్టవ్ వెలిగించి, క్యారేజీ కట్టి, అప్పుడు ఆయన్ని లేపేది. ఇప్పుడు సెల్‌ఫోన్ మోగుతుంది, అంతే తేడా.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చేసిన డ్యూటీకి రైల్వే గంటకు 10 నిమిషాలు అదనంగా లెక్కగట్టి భత్యమిస్తుంది. ఇవ్వాల్సిందే. మరి ఆమె రాత్రి?

2019 జాతీయ కాలవినియోగ సర్వే మన శ్రమను కొంత చూపింది: ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు, చేసే ఆ కొద్దిమంది పురుషులు 97. కానీ అది రోజును అరగంట గడులుగా కోసి, పది నిమిషాలైనా సాగిన పనులే రాసుకుంది. చంటిపిల్ల ఏడుపుకీ, మంచానపడ్డ అత్తగారి దగ్గుకీ అయిదేసి నిమిషాలు నాలుగుసార్లు లేచిన రాత్రి అందులో నిండు నిద్రే! ఆమెకేమో మర్నాడు నిద్రమాత్ర రాస్తారు.

బస్తీల్లో మన సంఘాలు పట్టుకెళ్లే ఫారాల్లోనైనా ఒక గడి పెడదాం: రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎవరి కోసం?