డబ్బు కడితే బరువు తగ్గుతుందా?

సంక్రాంతికి ఊరెళ్ళి బెంగళూరు తిరిగొస్తున్నా. గన్నవరం ఎయిర్‌పోర్టు. పెద్ద పెట్టె సరిగ్గా 15 కేజీలు తూగింది (అందులో సగం బియ్యం, ఆవకాయే లెండి). చేతిలోది మాత్రం 9.4 చూపించింది. "ఏడు కేజీలే సార్. తీసెయ్యండి, లేదంటే డబ్బు కట్టండి" అంది కౌంటర్లో అమ్మాయి. ఎంతా అంటే దాదాపు 1,800! ఖాళీ పెట్టే రెండున్నర కేజీలుంటుంది. ఇంక అందులో ఏం పెట్టుకోవాలట?

నాకూ పౌరుషం వచ్చింది. అందరి ముందూ నేల మీద కూలబడి పెట్టె తెరిచా. జాకెట్ వేసుకుని ఛార్జరు, హార్డ్ డిస్కు జేబుల్లో కుక్కా. అయినా చాల్లేదు. చివరికి సున్నుండల డబ్బా తీశా, రెండు కేజీలు. నాన్నకి ఫోన్ చేస్తే పార్కింగ్ నుంచి వెనక్కొచ్చారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతన్ని బతిమాలి డబ్బా ఆయన చేతికిచ్చా. ఆయన తిట్టలేదు. "అమ్మకి నేను చెప్తాలే" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

అడిగితే అందరూ చెప్పేది ఒకటే, విమానం బరువు! నేను 82 కేజీలు, నా పక్క సీటాయన నూటపదికి తగ్గడు. మమ్మల్నెవరూ తూకం వెయ్యలేదే? మనుషులకి సగటు బరువేసి లెక్క కట్టేస్తారు. నేను 1,800 కట్టుంటే ఆ సున్నుండలు అదే విమానంలో, అదే బరువుతో ఎగిరేవి. నా జేబుల్లోకెళ్ళిన ఛార్జరు బరువేమైంది మరి? లోపల షాపులో కొన్న రెండు కేజీల మిఠాయి పెట్టెతో ఒకాయన దర్జాగా ఎక్కాడు. దాన్ని ఎవరూ తూచలేదు. అమ్మ చేసిందే బరువన్నమాట!

పెట్టె కొలతల మీద నాకేం గొడవ లేదు. 55x35x25 సెంటీమీటర్లు దాటితే పైన అరలో పట్టదు, పక్కవాడికి చోటుండదు. ఒప్పుకుంటా.

"చవక టికెట్టుకి ఇంతే బాస్" అంటాడు మా టీంలో ఒకడు. ఎక్కడ చవక? మామూలు రోజుల్లో మూడు నాలుగు వేలుండే టికెట్ పండక్కి 11 వేలు పెట్టి కొన్నా. ధర మూడింతలైతే ఆ ఏడు కేజీలు కనీసం ఎనిమిదైనా అవ్వాలా వద్దా? రేటు మాత్రం డిమాండ్‌ని బట్టి, రూలు మాత్రం చవక విమానం రూలు. రెండు వైపులా వాళ్ళదే లాభం.

అడిగేవాళ్ళు లేరా అంటే, ఒకప్పుడున్నారు. చెకిన్ సామానుకి 15 దాటి 20 కేజీల వరకు కేజీకి 100 మించి తీసుకోకూడదని 2016లో డీజీసీఏ ఉత్తర్వు ఇచ్చింది. విమాన సంస్థలు కోర్టుకెళ్ళాయి, 2017లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత రేట్లు ఎక్కడికెళ్ళాయో మీకు తెలుసు. ఐరోపా న్యాయస్థానం అయితే 2014లోనే, బరువూ సైజూ సహేతుకంగా ఉన్నంతవరకు చేతి సామానుకి విడిగా డబ్బు అడగకూడదంది. సహేతుకం అంటే ఎంతో చెప్పలేదు, అక్కడే ఆటంతా.

నేను ఉచితంగా మొయ్యమనట్లేదు. కేజీకి ఎంతో టికెట్ కొనే పేజీలోనే, ధర పక్కనే పెద్దక్షరాలతో చూపించండి. కౌంటర్ దగ్గర కూడా అదే రేటు తీసుకోండి. చెకౌట్ పేజీలు రాసేవాళ్ళం మనమే కదా, అది ఒక పూట పని. చెయ్యరు. ఎందుకంటే క్యూలో నిలబడ్డాక మనిషి బేరమాడలేడు, వెనక్కి పోలేడు.

అసలు విషయం చెప్పలేదు. బోర్డింగ్ గేటు దగ్గర మైకులో ప్రకటన: "విమానం నిండుగా ఉంది, పైన అరల్లో చోటు లేదు, ఎవరైనా తమ పెట్టె కింద వెయ్యడానికిస్తే ఉచితంగా తీసుకెళ్తాం" అని. ఉచితంగా! గంట క్రితం 1,800 అడిగిన పెట్టే అది. ఇచ్చేశా. పొట్టలోకి కాదు గానీ విమానం పొట్టలోకి ఇంకో రెండు కేజీల సున్నుండలు సుబ్బరంగా పట్టేవి.

వచ్చే పండక్కి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బుక్ చేస్తున్నా. థర్డ్ ఏసీలో 40 కేజీలు ఉచితం. బెర్తు దొరకాలంతే.