గడ్డతో పాటు ఇంకేం తీస్తారు?

స్త్రీల ఆరోగ్యం గురించి మన సంఘాల్లో మాట్లాడేటప్పుడు కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రక్తహీనత దగ్గరే ఆగిపోతుంటాం. అండాశయంలో గడ్డ ఉన్న స్త్రీ ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నప్పుడు ఆమె శరీరం గురించి తీసుకునే నిర్ణయం కూడా హక్కుల ప్రశ్నే అంటాను నేను. మైపాడు, కోడూరు, జువ్వలదిన్నె వంటి మా తీరగ్రామాల్లో తిరిగేటప్పుడు "గడ్డుందని కోసినారు, సంచి గూడా తీసేసినారు" అని చెప్పే స్త్రీలు కనిపిస్తూనే ఉంటారు. అది ఎలాంటి గడ్డో, అండాశయం ఒకటి తీశారో రెండూ తీశారో అడిగితే వాళ్లకు తెలియదు. చేతిలో బయాప్సీ రిపోర్టూ ఉండదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో మనదే మొదటి స్థానం. వీటిలో గడ్డల కోసం జరిగినవి కొన్నే కావచ్చు. కానీ "పిల్లలు పుట్టేశారు గదా, ఇంకెందుకు?" అనే ధోరణి అన్నిచోట్లా ఒకటే. ముట్లుడగక ముందే రెండు అండాశయాలూ తీసేస్తే వేడి ఆవిర్లు, నిద్రలేమి మొదలవుతాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతాయి. చేపల గంప మోసి బతికే మనిషికి ఇది చిన్న నష్టం కాదు.

డాక్టర్లకూ ఇక్కడ నిజమైన చిక్కు ఉంది. స్కానింగ్, రక్తపరీక్షలు అనుమానాన్ని చెబుతాయే గాని తేల్చి చెప్పలేవు. ముందుగా సూది గుచ్చి చూద్దామంటే, అది క్యాన్సరైతే కణాలు కడుపులో ఒలికిపోయే ప్రమాదం ఉంది. అందుకే చాలాసార్లు పొట్ట తెరిచాకే గడ్డ స్వభావం తేలాలి. మామూలు గడ్డయితే దాన్నొక్కటే, లేదా ఆ వైపు అండాశయాన్ని తీస్తే చాలు. క్యాన్సరైతే సాధారణంగా గర్భసంచి, రెండు అండాశయాలు, పేగుల మీది కొవ్వుపొర తీయాల్సి వస్తుంది. తక్కువ తీసినా ప్రాణానికి ముప్పే, ఎక్కువ తీసినా అన్యాయమే.

ఆ క్షణంలో సహాయపడే పరీక్ష ఒకటుంది. బయటికి తీసిన గడ్డను కోసి, కోసిన ముఖాన్ని గాజు స్లైడుకు అద్దుతారు, లేదా గీకి పూస్తారు. ఆల్కహాలులో ముంచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. దాదాపు ఇరవై నిమిషాల్లో థియేటర్‌కు కబురు అందుతుంది. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రికి చెందిన డడ్జన్, పాట్రిక్ 1927లోనే ఈ అద్దకపు పద్ధతిని వివరించారు. ఫ్రోజెన్ సెక్షన్ పరీక్షకు గడ్డ ముక్కను గడ్డకట్టించి కోసే ఖరీదైన యంత్రం కావాలి. దీనికి స్లైడ్లు, రంగులు, మైక్రోస్కోపు, అనుభవమున్న పెథాలజిస్టు చాలు.

ఇది తప్పు చేయని పరీక్ష కాదు. మామూలుకీ క్యాన్సర్‌కీ మధ్యరకం గడ్డల్లో, జిగురు నిండిన పెద్ద గడ్డల్లో పొరపడవచ్చు. ఆఖరి మాట కొన్ని రోజుల తర్వాత వచ్చే బయాప్సీదే. అయినా కంటిచూపు మీద, అలవాటు మీద ఆధారపడి నిర్ణయించడం కంటే ఇది మేలు.

పరీక్ష ఒక్కటే సరిపోదు, సమ్మతి కావాలి. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా తల్లి చేత సరేననిపించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకిచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి సమ్మతి చెల్లదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తల్లి మాటే చెల్లనప్పుడు థియేటర్ బయట మొగుడి చేత పెట్టించే వేలిముద్రకు విలువేమిటి?

కాబట్టి ఆపరేషన్‌కు ముందే ఆమెకు తెలుగులో చెప్పాలి: "మామూలు గడ్డయితే ఇది తీస్తాం, క్యాన్సరైతే ఇవి తీస్తాం, తేలకపోతే బయాప్సీ దాకా ఆగుతాం." ఒక్కోదానికీ ఆమె జవాబును రాసుకోవాలి. తీసిన ప్రతి అవయవం బయాప్సీకి వెళ్లాలి, రిపోర్టు ఆమె చేతికి రావాలి. నెల్లూరులో 2014 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. పెథాలజీ విభాగం లేని మెడికల్ కాలేజీ ఉండదు. ఆపరేషన్ జరిగే వేళకు పెథాలజిస్టును అందుబాటులో ఉంచమని మన సంఘాలు అడగాలి.

1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ప్రశ్న సారా పాటల్ని ఆపి, 1993లో సారా నిషేధం దాకా నడిపించింది. ఆ జిల్లా ఆడవాళ్లకు డాక్టరు ముందు నిలబడి "గడ్డతో పాటు ఇంకేం తీస్తారు, ఎందుకు తీస్తారు?" అని అడగడం కష్టం కాదు. పక్కన తోడుగా నిలబడాల్సింది మనం.