పేదవాడి కలం, సామ్రాజ్యం కొరడా

డిటెక్టివు నవలలో రాజకీయాలేమిటి, అది రైలు ప్రయాణంలో పొద్దుపుచ్చే సరుకు కదా అని కొందరు మిత్రులంటారు. ఎడ్గార్ వాలెస్ పేదల్లో పుట్టి పెరిగినవాడు, కోట్ల జనం మెచ్చినవాడు, అతనిని అభ్యుదయవాదులు తప్పుపట్టడం తగునా అని మరికొందరంటారు. ఈ రెండు వాదాలనూ నేను అంగీకరించను.

వాలెస్ పేదరికం నిజమే. 1875లో గ్రీనిచ్‌లో ఒక రంగస్థల నటికి అక్రమ సంతానంగా పుట్టి, చేపల మార్కెట్టు కూలీ యింట పెరిగాడు. పసితనంలోనే లండను వీధుల్లో పత్రికలు అమ్మాడు. సైన్యంలో చేరి 1896లో దక్షిణాఫ్రికా వెళ్లాడు, బోయరు యుద్ధంలో విలేఖరి అయ్యాడు. ఆకలి అతనికి పుస్తకాలలో చదివిన ముచ్చట కాదు. కాని ఆకలి తెలిసినవాడల్లా ఆకలికి కారణం తెలిసినవాడవుతాడా?

1905లో అతడు సొంత ఖర్చుతో ప్రకటించిన ‘ది ఫోర్ జస్ట్ మెన్’ చూడండి. పరదేశం నుంచి పారిపోయి వచ్చిన రాజకీయ కాందిశీకులను పట్టి అప్పగించే బిల్లు తెస్తున్న బ్రిటిషు మంత్రిని నలుగురు వ్యక్తులు చంపుతామని బెదిరిస్తారు. బిల్లు అన్యాయమైనదే. కాని దానిని ఎదిరించేదెవరు? ప్రజలు కారు, డబ్బూ తీరికా వున్న ఆ నలుగురు. అదే సంవత్సరం రష్యాలో కార్మికులు వీధుల్లోకి వచ్చి న్యాయం అడుగుతున్నారు. వాలెస్ కథలో జనానికి దక్కిన పాత్ర ఒక్కటే: రేపేం జరుగుతుందోనని పత్రికలు కొని చదవడం! హత్య ఎలా జరిగిందో చెప్పినవారికి 500 పౌండ్ల బహుమతి ప్రకటించి, విజేతల సంఖ్యకు హద్దు పెట్టడం మరచి, అతడు అప్పుల పాలయ్యాడు.

అసలు నేరం తరువాత జరిగింది. 1907లో ‘డైలీ మెయిల్’ అతనిని కాంగోకు పంపింది. బెల్జియం రాజు లియోపోల్డు రబ్బరు కోసం అక్కడి ప్రజలను హింసించిన తీరు అప్పటికే లోకానికెక్కింది. ఆ నేలమీద కాలుపెట్టి వచ్చిన రచయిత 1911లో లోకానికిచ్చినదేమిటి? ‘సాండర్స్ ఆఫ్ ది రివర్’. పశ్చిమాఫ్రికాలో సాండర్సు అనే బ్రిటిషు కమిషనరు నల్లవారిని పిల్లలుగా చూస్తాడు, కొరడాతోనూ ఉరితాడుతోనూ బుద్ధి చెబుతాడు, కథకుడు మురిసిపోతాడు. లియోపోల్డు దుర్మార్గుడే కావచ్చు, మన దొర మాత్రం ధర్మప్రభువు! ఈ ఉపాయంతో నేరమంతా ఒక చెడ్డ యజమానికి అంటగట్టి, యజమానిత్వాన్ని నిర్దోషిగా విడిచిపెట్టాడు.

అతని డిటెక్టివు నవలల కిటుకూ ఇదే. చంపినదెవరన్న ప్రశ్న చివరి పేజీదాకా ఉరికిస్తుంది. సంపద ఎలా పోగయింది, వారసత్వం ఎవరి చెమటది అన్న ప్రశ్న మొదటి పేజీలోనే సమాధి అవుతుంది. ఒక దుష్టుడు పట్టుబడగానే వ్యవస్థ పవిత్రమై కూర్చుంటుంది.

ఇది కాలధర్మమని సమర్థించేవారికి పాల్ రోబ్‌సన్ సమాధానం. 1935లో సాండర్సు కథలు చలనచిత్రమైనప్పుడు, ఆఫ్రికా సంస్కృతికి గౌరవం దక్కుతుందన్న ఆశతో బోసాంబో పాత్ర ధరించాడాయన. తయారైన చిత్రం సామ్రాజ్య స్తోత్రమని తెలిశాక దానిని బహిరంగంగా నిరాకరించాడు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన తండ్రికి కొడుకాయన. పుట్టుక ఇద్దరికీ కష్టాలనే ఇచ్చింది. పక్షం ఎవరిది వారే ఎన్నుకున్నారు.

వాలెస్ 1932లో హాలీవుడ్‌లో, ‘కింగ్ కాంగ్’ పనిమీద వుండగా, పెద్ద అప్పు మిగిల్చి మరణించాడు. రాత్రింబగళ్లు పుస్తకాలు చెప్పి రాయించిన ఆ శ్రమజీవిని కూడా మార్కెట్టు పిండి వదిలింది. అందుకు జాలిపడదాం. కాని జాలి విమర్శకు బదులు కాదు.

అతని పుస్తకాలను నిషేధించమని నేననను. చెత్త అని ముక్కు మూసుకుని తప్పుకునే పండితులతోనూ నాకు పొత్తు లేదు. వారు తప్పుకున్న చోటనే కోట్లమంది పాఠకులున్నారు. మన విద్యార్థులు వాలెస్‌ను చదవాలి. తెలుగు డిటెక్టివు నవలనూ అదే కంటితో చదవాలి. హంతకుడు దొరికిన తరువాత పుస్తకం మూయకుండా, ఈ కథలో ఎవరి నేరం నేరంగా లెక్కకు రాలేదని అడగాలి.