బొమ్మ కింద పేరు

‘సామాజిక న్యాయం’ మీద మహానగరంలో ఈమధ్య జరిగిన ఒక కళాప్రదర్శన కేటలాగు మా దగ్గరికి చేరింది. నిర్వాహకుల పేర్లు అనవసరం. పులికాట్ సరస్సు నీళ్ళలో చేతులతో తడిమి రొయ్యలు ఏరుతున్న ఒక యానాది గిరిజన స్త్రీ ఫొటో అందులో నిండు పేజీలో ఉంది. తీసినవారి పేరుంది, క్యూరేటర్ పేరుంది, ఖర్చు పెట్టుకున్న కంపెనీ గుర్తుంది. ఆమె మాత్రం ‘మత్స్యకార మహిళ, నెల్లూరు తీరం’. సముద్రంలో వేటకెళ్ళే పట్టపుపాలెం వాళ్ళెవరో, యానాదులెవరో అడిగి తెలుసుకునే తీరికైనా లేకపోయింది.

ముందుమాటలో నిర్వాసితుల గురించి పేజీలకు పేజీలు రాశారు. శ్రీహరికోట ఊసు ఒక్క వాక్యంలోనూ లేదు. 1971లో అక్కడ తొలి రాకెట్ ఎగరడానికి ముందూ వెనకా ఆ దీవి నుంచి కదిలిపోవలసి వచ్చినవాళ్ళలో యానాదులూ ఉన్నారు.

కళ ఉద్యమంలోకి ఎలా దిగుతుందో నెల్లూరుకి ఒకరు నేర్పక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత కోసం కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రిబడి వాచకంలో ‘సీతమ్మ కథ’ చదివిన ఆడవాళ్ళు పుస్తకం మూసి ఊరుకోలేదు, సారా అంగళ్ళ మీదికి నడిచారు. దూబగుంటలో ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరగడం ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై పక్క ఊళ్ళకు పాకింది. సారా వేలంపాటలు ఆగాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా పోయింది. ఆ పాఠం రాసినవాళ్ళను, వీధుల్లో గజ్జె కట్టినవాళ్ళను, దూబగుంటలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను కళాచరిత్రలో ఏ కేటలాగు చేర్చుకుంది? తెల్లగోడకు వేలాడితేనే కళ, వీధిలో ఉన్నంతకాలం ప్రచారం! ఈ కొలబద్దను మేం ఒప్పుకోం. ఒకరి కష్టాన్ని ఫ్రేము కట్టి, ఆ మనిషికే చూపించకుండా, అత్తరు పూసుకున్న అతిథులకు చూపించడం న్యాయం కాదు, వ్యాపారం.

వేరే దారి లేదని బుకాయించనూ కూడదు. పాత్రికేయుడు పి. సాయినాథ్ 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో శ్రామిక స్త్రీలను ఫొటోలు తీశారు. ఆ ప్రదర్శన బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, వ్యవసాయ కూలీల సభల్లో నిలబడింది. లక్షలమంది చూశారు. దానికి ఏసీ హాలు అవసరం పడలేదు.

నగరంలో పెడితేనే పత్రికలవాళ్ళు, అధికారులు చూస్తారన్న మాటలో కొంత నిజముంది.

కానీ ముందు ఎక్కడ పెట్టాలన్నదే మా పేచీ. కొంగలకు ఫ్లెమింగో పండగ జరిపే సూళ్ళూరుపేటలో, ఆ పండగ రోజుల్లోనే, ఈ ఫొటోలకు ఒక పందిరి వేయలేరా? ప్రారంభానికి మంత్రిగారు అక్కర్లేదు. ఫొటోలో ఉన్నావిడ వస్తే చాలు. కేటలాగు రెండోసారి అచ్చువేసేలోగా ఆమె పేరు అడిగి రాయండి. దారి తెలియకపోతే మా కార్యాలయానికి ఉత్తరం రాయండి, తోడుగా మనిషిని పంపుతాం.