సైకిల్ కిరాయి

కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో పొద్దుగూకేదాకా బంతి తన్నే పిల్లల్లో ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం పేరు ఎందరికి తెలుసు? తెలియకపోతే తప్పు వాళ్లది కాదు, చెప్పని పెద్దలది.

బలరాం 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింట్లో పుట్టారు. ఆట చూసి రమ్మన్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీంతో, రోజూ హైదరాబాద్ వచ్చిపోవడానికి తన దగ్గర పైసలు లేవని చెప్పుకున్నారు. రహీం సాబ్ సైకిల్ కిరాయి తానే ఇచ్చారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన జట్టులో ఆడారు. 1960లో రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టారు, పెరూ మీద మరొకటి. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం! చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిసి ఆయన నడిపిన దాడిని మించింది మన దేశం మళ్లీ చూడలేదని నా నమ్మకం. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపేసింది.

అప్పట్లో ఒలింపిక్ ఫుట్‌బాల్ అమెచ్యూర్లకే, అంటే ఆటకు జీతం తీసుకోనివాళ్లకే. 1908, 1912 ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు స్వర్ణాలు తెచ్చిన కెప్టెన్, ఇంగ్లండ్ స్ట్రైకర్ వివియన్ వుడ్‌వర్డ్ ఆటకు జీతం పుచ్చుకోలేదు. ఆయన ఆర్కిటెక్టు, ఇల్లు గడవడానికి బంతి అక్కర్లేదు. ఉత్తచేతులతో ఆడటం ఆయనకు గౌరవం. అమ్ముగూడ పిల్లవాడికి మైదానం చేరడమే గండం.

ఆ గండం ఇంకా తీరలేదు. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో క్రీడా పాఠశాలలున్నాయి, సంతోషమే. వాటిలో సీటు దొరకని పిల్లల సంగతేమిటి? ఉట్నూరు గూడేల నుంచి, గోదావరిఖని కార్మిక వాడల నుంచి వచ్చేవాళ్లకు బూట్లు, బస్సు కిరాయి, ఆట అయ్యాక రెండు గుడ్లు ఎవరివ్వాలి? పక్కనున్న నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ బిడ్డ గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు ఎంపికైంది, భారత జట్టుకు ఆడుతోంది. మన పల్లెల్లో ఆటకు కొదవ లేదనడానికి ఇంకేం రుజువు కావాలి?

బలరాం పద్మ పురస్కారం అందుకోకుండానే 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. ఆయనకు చేయాల్సింది ఇప్పుడు ఈ పిల్లలకు చేద్దాం. కలెక్టర్లు, జిల్లా క్రీడాధికారులు, సింగరేణి యాజమాన్యం కలిసి ఈ వేసవి శిబిరాలకు వచ్చే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ రానుపోను కిరాయి ఇప్పించాలి.